ఏడ్చిందా, ఏడవలేదా?

మీలో బడికెళ్ళే పిల్లలున్న వాళ్ళకి ఆ మూడు మడతల అట్టబోర్డు సంగతి నేను చెప్పక్కర్లేదు. పేరుకి ప్రాజెక్టు పిల్లలది. ఆదివారం రాత్రి పదకొండు గంటలకి వేళ్ళకి జిగురు పూసుకుని కూర్చునేది మనం. కిందటి చలికాలంలో నాలుగో తరగతి చదివే మా అమ్మాయికి అలాంటిదే ఒకటి ఇచ్చారు. చరిత్రలో ఎవరైనా ఒక మనిషి గురించి రాయాలి. టీచరుగారు చీటీలు తీయిస్తే దానికి వచ్చిన పేరు జెనెట్ ర్యాంకిన్. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొట్టమొదటి స్త్రీ. 1917లో ఒకసారి, 1941లో ఒకసారి, రెండు ప్రపంచ యుద్ధాల్లోకి అమెరికా దిగేటప్పుడూ వద్దని ఓటు వేసిన వాళ్ళు కాంగ్రెస్ మొత్తంలో ఆవిడొక్కతే.

బోర్డు సగం అయ్యాక ఒక చిక్కు వచ్చింది. లైబ్రరీనుంచి తెచ్చిన ఒక పుస్తకంలో, 1917లో ఓటు వేసేటప్పుడు ఆవిడ ఏడ్చిందని ఉంది. ఇంకో పుస్తకంలో అదంతా పత్రికలవాళ్ళు పుట్టించిన మాట అని ఉంది. "అమ్మా, ఇంతకీ ఏడ్చిందా, ఏడవలేదా? నేనేం రాయాలి?" అని మా అమ్మాయి నిలదీసింది. నేను ఐటీ కన్సల్టెంట్‌ని. రెండు రిపోర్టుల్లో రెండు లెక్కలు కనబడితే రిపోర్టులు పక్కన పెట్టి అసలు డేటా ఎక్కడుందో చూడాలన్నది మా వృత్తిలో ఓనమాలు. ఆ రాత్రికి బోర్డు మీద ప్రశ్నార్థకం పెట్టి పంపేశాం గానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దాని వెంట పడి నేను తిరగేసిన పాత పత్రికల గురించీ, ఉత్తరాల గురించీ ఇవాళ మీకు చెబుతాను.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. జెనెట్ ర్యాంకిన్ 1880లో మొంటానాలో, మిజూలా ఊరి దగ్గర పుట్టింది. అప్పటికి మొంటానా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. తల్లి బడిపంతులమ్మగా పనిచేసిన మనిషి, తండ్రి వడ్రంగం చేసి, పశువులూ పొలమూ సంపాదించినవాడు. పిల్లల్లో ఈవిడే పెద్దది. 1902లో జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకుంది. కొన్నాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది, కొన్నాళ్ళు బట్టలు కుట్టింది, న్యూయార్కు వెళ్ళి సంఘసేవలో శిక్షణ పొందింది. ఆ తర్వాత ఆడవాళ్ళకి ఓటు హక్కు కావాలని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. మొంటానాలో ఆ హక్కు 1914లో వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1916లో, రిపబ్లికన్ పార్టీ తరఫున ఆవిడే కాంగ్రెస్‌కి నిలబడింది. హార్వర్డ్‌లో చదివొచ్చిన తమ్ముడు వెల్లింగ్టన్ ఎన్నికల పనంతా భుజాన వేసుకున్నాడు. దేశమంతటా ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చే రాజ్యాంగ సవరణ వచ్చింది 1920లో అని గుర్తుంచుకోండి. అంటే దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆడది ఓటు వేయడానికి లేని రోజుల్లో ఈవిడ చట్టాలు చేసే సభలో కూర్చుంది.

ఇక పత్రికలు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు పాత అమెరికన్ పత్రికల్ని లక్షల పేజీలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మాటలు కంప్యూటర్ చదివినవి కనక తప్పులు బోలెడు. అరిగిపోయిన అచ్చు మీద ర్యాంకిన్ కాస్తా బ్యాంకింగ్ అవుతుంది. అయినా ఓపిక పడితే దొరుకుతాయి. నేను రాత్రిళ్ళు, వంటిల్లు సర్దుకున్నాక, రోజుకో గంట చదివేదాన్ని.

1916 నవంబరులో ఎన్నికైంది. ఓట్ల లెక్క రోజుల తరబడి సాగడంతో ఓడిపోయిందనే మొదట అనుకున్నారు. గెలిచిందని తేలగానే ఫొటోగ్రాఫర్లు ఇంటి ముందు చేరారు, ఆవిడ తలుపు దాటి బయటికి రావడానికి ఒప్పుకోలేదు. పళ్ళపొడి కంపెనీ ఒకటి ఆవిడ పళ్ళు కనబడేలా ఫొటో ఇస్తే ఐదువేల డాలర్లు ఇస్తామంది. పెళ్ళి చేసుకుంటామని ఉత్తరాలు వచ్చాయి. పత్రికలు రాసిందేమిటయ్యా అంటే, జుట్టు ఏ రంగు, బట్టలు తనే కుట్టుకుంటుందా, టోపీలు తనే చేసుకుంటుందా, నాట్యం బాగా చేస్తుందా అని. న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రిక ఆవిడ చేసే నిమ్మకాయ పై స్నేహితుల్లో ఎంత పేరు పొందిందో రాసింది. బాలకార్మిక చట్టాల గురించి ఆవిడ ఆలోచనలు ఏ మూలనో ఉంటాయి, వంట మాత్రం ముందుంటుంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, "మీ ఇంట్లో వంటెవరు చేస్తారు?" అని నన్ను అడిగినవాళ్ళు గుర్తొచ్చారు. అడిగింది తెల్లవాళ్ళు కాదు లెండి, మనవాళ్ళే.

1917 ఏప్రిల్ 2న ప్రమాణస్వీకారం. పొద్దున షోర్‌హామ్ హోటల్లో ఆవిడకి విందు. ఓటు హక్కు ఉద్యమంలో అప్పటికి రెండు వర్గాలు, పడవు. ఒకవైపు క్యారీ చాప్‌మన్ క్యాట్, మరోవైపు ఆలిస్ పాల్, మధ్యలో ఈవిడ కూర్చుంది. అదే సాయంత్రం అధ్యక్షుడు విల్సన్ సభకి వచ్చి జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని అడిగాడు. కాంగ్రెస్‌లో ఆడమనిషి మొదటి రోజు అలా గడిచింది.

తర్వాతి నాలుగు రోజులు ఆవిడ మీద అన్ని వైపులనుంచీ ఒత్తిడి. తమ్ముడు బతిమాలాడు. మగవాడిలా ఓటు వెయ్యి అన్నాడు, అంటే యుద్ధానికి సరే అను అని. మళ్ళీ గెలవవు అని హెచ్చరించాడు. ఆలిస్ పాల్ వచ్చి, ఆడదాని మొదటి ఓటు యుద్ధానికి పడితే ఘోరం అని చెప్పింది. ఏప్రిల్ 6 తెల్లవారుజామున, మూడు గంటల వేళ, ఓటింగు జరిగింది. మొదటిసారి పేరు పిలిస్తే ఆవిడ పలకలేదు. మాజీ స్పీకరు, ముసలాయన, జో కానన్ దగ్గరికొచ్చి, దేశంలోని ఆడవాళ్ళందరికీ ప్రతినిధివి నువ్వు, ఓటు వేయకుండా ఉండకూడదమ్మా అన్నాడు. రెండోసారి పిలిచినప్పుడు లేచి, "నా దేశం పక్షాన నిలబడాలనే ఉంది. కానీ యుద్ధానికి ఓటు వేయలేను" అంది. పేరు పిలిచినప్పుడు అవునో కాదో చెప్పాలి తప్ప వ్యాఖ్యానం చేయకూడదన్నది నూట నలభై ఏళ్ళ ఆనవాయితీ. దాన్ని తప్పింది. ఫలితం 373 మంది యుద్ధానికి, 50 మంది వద్దని.

ఏభై మంది అన్న అంకె మా అమ్మాయికి ఆశ్చర్యం. ఆవిడొక్కతే కాదా అంది. కాదు, నలభై తొమ్మిది మంది మగవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మర్నాటి పత్రికలు చూస్తే వాళ్ళ ఊసు వెతుక్కోవాలి. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ శీర్షికల్లోనే మిస్ ర్యాంకిన్ వెక్కుతూ వద్దని ఓటేసిందని ఉంది. ఆవిడ సొంత రాష్ట్రంలో హెలీనా ఇండిపెండెంట్ పత్రిక ఇంకా ముందుకెళ్ళి, జర్మనీ వాళ్ళ చేతిలో బాకు అనీ, కైజర్ చేతిలో మోసపోయిందనీ, ఏడ్చే బడిపిల్ల అనీ తిట్టింది.

మరి ఏడ్చిందా? గ్యాలరీలో కూర్చుని చూసిన మాడ్ వుడ్ పార్క్ అనే ఉద్యమ నాయకురాలు, లేదు ఏడవలేదు అంది. న్యూయార్కు సభ్యుడు ఫియొరెల్లో లాగార్డియాని అడిగారు. మన విమానాలు దిగే లాగార్డియా ఎయిర్‌పోర్టు ఆయన పేరే. ఆయన చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. నా కళ్ళలోనే నీళ్ళు నిండి ఉన్నాయి, ఆవిడ ఏడుస్తోందో లేదో నాకెలా కనబడుతుంది అన్నాడు. పైగా ఆయన యుద్ధానికే ఓటు వేసిన మనిషి. అధికారపక్షానికి సభలో నాయకుడైన క్లాడ్ కిచిన్ సొంత పార్టీ అధ్యక్షుడికి ఎదురు తిరిగి యుద్ధం వద్దని మాట్లాడాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. శీర్షిక మాత్రం ర్యాంకిన్‌కే దక్కింది. ఆవిడ తర్వాతెప్పుడో చెప్పుకున్నదేమిటంటే, ఆ వారమంతా ఏడ్చి ఏడ్చి, తీరా ఓటు వేసే వేళకి కన్నీళ్ళు మిగల్లేదని.

ఇదీ పత్రికల గొడవ. ఇక ఉత్తరాలు.

కిందటి వసంతంలో నాకు బోస్టన్‌లో ప్రాజెక్టు పడింది. సోమవారం విమానం ఎక్కి గురువారం దిగే బతుకు, మీలో చాలామందికి తెలిసినదే. నది అవతల కేంబ్రిడ్జిలో హార్వర్డ్ వాళ్ళ ష్లెసింజర్ లైబ్రరీ ఉంది. అమెరికన్ స్త్రీల చరిత్రకి సంబంధించిన కాగితాలు దాచే చోటు. ర్యాంకిన్ కాగితాల్లో పెద్ద భాగం అక్కడుంది, ఇంకొంత మొంటానా రాష్ట్రపు చరిత్ర సంఘం దగ్గర హెలీనాలో ఉంది. సంచీ లాకర్లో పెట్టాలి, పెన్ను పనికిరాదు, పెన్సిలే. ఒక్కో ఫోల్డరూ తీసి, కాగితాల వరస తప్పకుండా చూసుకోవాలి. నాకు చిక్కింది రెండు మధ్యాహ్నాలు. చరిత్రకారిణిని కాను కనక అన్నీ చదివానని చెప్పుకోను. ఈవిడ జీవితచరిత్ర రాసినవాళ్ళ పుస్తకాలు దగ్గర పెట్టుకుని, వాళ్ళు చెప్పిన చోట్ల చూసుకున్నాను.

మా తాతయ్యగారింట్లో వసారాలో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడేది. వచ్చిన కార్డులూ, ఇన్‌లాండు లెటర్లూ చదివాక దానికి గుచ్చేవారు. సెలవులకి వెళ్ళినప్పుడు నేను ఆ తీగ దించి, కింద ఉన్న పాత ఉత్తరాలు చదువుకునేదాన్ని. అన్నీ శుభవార్తలే. పెళ్ళి కుదిరింది, పిల్లాడు పుట్టాడు, వడ్లు అమ్మాం. చావు కబురు కార్డు మాత్రం ఆ తీగకి ఎక్కేది కాదు. గుమ్మం బయటే చదివి అక్కడే చింపేసేవారు. కేంబ్రిడ్జిలో ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ తీగే గుర్తొచ్చింది. ఎందుకంటే ఈవిడ తిట్ల ఉత్తరాలు కూడా చింపలేదు.

పైన విందులో పక్కన కూర్చుందని చెప్పానే, క్యారీ చాప్‌మన్ క్యాట్, ఆవిడ ర్యాంకిన్ గురించి ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరం చరిత్రకారులకి దొరికింది. మన కాంగ్రెస్ అమ్మగారు భలే మనిషి, ఏం చేసినా ఎవరికో ఒకరికి తప్పే అవుతోంది, పేరు పిలిచినప్పుడల్లా పలికి మనకి పది లక్షల ఓట్లు పోగొడుతోంది అని ఎత్తిపొడిచింది. శత్రువులు పత్రికల్లో తిట్టారు, సరే. మనవాళ్ళు అనుకున్నవాళ్ళు ఉత్తరాల్లో ఏమనుకున్నారో చూశారా?

అయితే నేను ఎక్కువసేపు ఆగింది ఇంకోచోట. మన గ్రీన్ కార్డు ఫైలు ఎక్కడో ఆగిపోతే, అమ్మకి వీసా ఇవ్వకపోతే, మనం ఏం చేస్తాం? ఓటు హక్కు లేకపోయినా మన ఏరియా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాసుకుంటాం. అక్కడ ఎవరో గుమాస్తా ఫోను చేస్తే ఒక్కోసారి ఫైలు కదులుతుంది. 1917లో దేశంలో ఆడవాళ్ళందరికీ అలా రాసుకోడానికి ఒకే ఒక్క ఆడమనిషి ఉంది. మొంటానావాళ్ళే కాదు, ఎక్కడెక్కడి వాళ్ళూ రాశారు. ఆ ఉత్తరాలన్నీ చూసి జవాబులు చెప్పడానికి ఆఫీసులో చాలామంది ఆడవాళ్ళని పెట్టుకోవాల్సి వచ్చింది.

వాటిలో కొన్ని వాషింగ్టన్‌లో నోట్లూ బాండ్లూ అచ్చువేసే ప్రభుత్వ ముద్రణాలయంలో పనిచేసే ఆడవాళ్ళవి. యుద్ధం మొదలయ్యాక బాండ్ల అచ్చు పెరిగింది, ఎనిమిది గంటల పని కాస్తా పన్నెండు దాటింది, సెలవుల్లేవు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఈవిడకి రాసుకున్నారు. ఆవిడ స్వయంగా వెళ్ళి వాకబు చేసింది, పరిశీలనకి మనిషిని పెట్టించింది, పైవాళ్ళు కుదరదంటే కాంగ్రెస్ విచారణ వేయిస్తానంది. చివరికి ఆర్థికమంత్రి మెకడూ మళ్ళీ ఎనిమిది గంటల పని అని ఉత్తర్వు ఇచ్చాడు. ఇదంతా యుద్ధానికి వద్దని ఓటేసిన కొద్ది నెలల్లోనే. ఆ మూడు గంటల రాత్రి గురించి రాసినన్ని పుటలు దీని గురించి ఎవరూ రాయలేదు.

ఇంకొకటి, మనకి దగ్గర సంబంధం ఉన్నది. 1907 చట్టం ప్రకారం అమెరికన్ స్త్రీ పరదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆవిడ పౌరసత్వం పోయేది. పుట్టి పెరిగిన ఊళ్ళోనే పరాయిది అయిపోయేది. దాన్ని మార్చాలని ర్యాంకిన్ 1917లోనే బిల్లు పెట్టింది. అది నెగ్గలేదు. 1922లో కేబుల్ చట్టం వచ్చి చాలామందికి ఆ బాధ తప్పించింది గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకున్నవాళ్ళకి తప్పలేదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు ఆ అర్హత లేని జాబితాలోకే వస్తారని సుప్రీంకోర్టు తేల్చింది. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ విప్లవకారుణ్ణి పెళ్ళాడిన మేరీ అనే అమెరికన్ ఆవిడ అలా పౌరసత్వం పోగొట్టుకున్నవాళ్ళలో ఒకరు. ఆ ముడి విడింది 1931లో. మన వాళ్ళు ఈ దేశానికి వచ్చి ఇళ్ళు కొనుక్కునే రోజులకి ఎంతో ముందు, మనతో ఏ పరిచయమూ లేని ఒక మనిషి ఆ తలుపు తోసి చూసిందన్నమాట.

1917 జూన్‌లో మొంటానాలో, బ్యూట్ పట్టణంలో, రాగి గనిలో మంట లేచి 168 మంది చనిపోయారు. గని లోపలి కరెంటు తీగ కిందికి దించుతుంటే జారిపడింది, దాన్ని చూడ్డానికి వెళ్ళినవాడి చేతిదీపం తగిలి అంటుకుంది. కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళ ఫిర్యాదుల్లో పెద్దది ఒక కార్డు. కంపెనీ ఇచ్చే ఆ కార్డు లేకపోతే గనుల్లో పని దొరకదు, సంఘం మనిషి అని తెలిస్తే కార్డు ఇవ్వరు. ర్యాంకిన్ వాళ్ళ పక్షాన మాట్లాడింది. కంపెనీ అంటే అనకొండా రాగి కంపెనీ. మొంటానాలో పెద్ద పత్రికల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ కంపెనీయే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఒక విలేఖరితో ముందే చెప్పింది, రాష్ట్రం వాళ్ళది, ప్రభుత్వం వాళ్ళది, పత్రికలు వాళ్ళవి, ముందు నన్ను రాష్ట్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా వేపుతారు, నాలో ఉన్న లోపాలూ లేని లోపాలూ అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు అని. ఆవిడన్నట్టే జరిగింది. అప్పటిదాకా రాష్ట్రం మొత్తం కలిపి ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునేవాళ్ళు. శాసనసభ దాన్ని రెండు నియోజకవర్గాలుగా చీల్చింది, ఈవిడ వాటా డెమొక్రాట్ల బలమున్న ప్రాంతంలో పడింది. 1918లో సెనేట్‌కి పోటీచేసి ఓడిపోయింది. ఓటమికి కారణం యుద్ధం ఓటా, రాగి కంపెనీయా అని చరిత్రకారులు వాదించుకుంటూ ఉంటారు. నాకైతే రాగే అనిపిస్తుంది. కంపెనీ ఆ పత్రికల్ని వదులుకుని అమ్మేసింది 1959లో.

మధ్య ఇరవై ఏళ్ళు త్వరగా చెప్పేస్తాను. జార్జియాలో ఒక పల్లెలో చిన్న ఇల్లు వేసుకుని, శాంతి సంఘాలు పెట్టి, కాంగ్రెస్ వరండాల్లో ఆ పని మీదే తిరిగింది. మేకన్ అనే ఊరి పత్రిక కమ్యూనిస్టని రాస్తే పరువు నష్టం దావా వేసి, వెయ్యి డాలర్లూ, తప్పు ఒప్పుకుంటూ ప్రకటనా రాబట్టింది. పత్రికలు రాసినదానికల్లా బెంబేలు పడే మనిషి కాదని ఇందుకు చెప్పాను.

1940లో, అరవై ఏళ్ళ వయసులో, మొంటానానుంచి మళ్ళీ గెలిచింది. మరుసటి డిసెంబరు 7న పెర్ల్ హార్బర్. ఆ రోజు ఆవిడ ఉపన్యాసానికని డెట్రాయిట్ రైల్లో ఉంది. వార్త తెలిసి పిట్స్‌బర్గ్‌లో దిగి వెనక్కి వచ్చింది. 8వ తేదీ ఉదయం, తమ్ముడితో సహా ఎవరికీ దొరక్కుండా, కారేసుకుని ఊళ్ళో ఒంటరిగా తిరిగింది. సభలో మాట్లాడ్డానికి లేస్తే స్పీకరు అవకాశం ఇవ్వలేదు. చర్చ గంట కూడా సాగలేదు. పక్కనున్నవాళ్ళు, ఓటు మార్చుకోమని, కనీసం ఊరుకోమని బతిమాలారు. "ఆడదాన్ని, నేను యుద్ధానికి వెళ్ళలేను. ఇంకొకర్ని పంపడానికి ఒప్పుకోను" అంది. 388 మంది ఒకవైపు, ఒక్కతి ఒకవైపు. సెనేట్‌లో 82 మందీ ఒకే మాట. ఈసారి తోడు లేరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఒక పెద్ద సిస్టమ్ మార్పిడికి ముందురోజు రాత్రి ఫోన్ మీటింగు. పదకొండుమందిమి. వరసగా పేరు పిలుస్తారు, సరే అయితే "గో" అనాలి. నా దగ్గర రెండు టెస్టులు తేలలేదు, నాకు తెలుసు. నాకు ముందు ఐదుగురు గో అన్నారు. నలుగురితో పాటు నారాయణా అని నేనూ గో అన్నాను. సోమవారం పొద్దున్నకి వేలమందికి రెండేసి బిల్లులు వెళ్ళాయి. ఎవరూ చచ్చిపోలేదు, యుద్ధాలూ జరగలేదు. కానీ నా పేరు పిలిచిన తర్వాత ఆ రెండు క్షణాల నిశ్శబ్దం నాకింకా వినబడుతుంది. 388 మంది మధ్య ఆ నిశ్శబ్దం ఎలా ఉండి ఉంటుందో ఊహించబోయి మానేశాను. ఆవిడ ఓటు సరైనదని నేను అనను. పెర్ల్ హార్బర్ తర్వాత, అటువైపు హిట్లర్ ఉండగా, నేనే ఆ సభలో ఉంటే యుద్ధానికే ఓటేసేదాన్ని. అది వేరే సంగతి.

బయటికొచ్చేసరికి గుంపు చుట్టుముట్టింది. ఆవిడ టెలిఫోన్ బూత్‌లోకి దూరి తలుపేసుకుని పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చి ఆఫీసు దాకా దిగబెట్టారు. బూత్‌లో ఉండగా తీసిన ఫొటో పత్రికలన్నీ వేసుకున్నాయి. ఉత్తరాలూ టెలిగ్రాములూ మూటలు మూటలుగా వచ్చాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది, ప్రాణం పెట్టి ఎన్నికలు నడిపిన తమ్ముడి మాట. మొంటానా నూటికి నూరు శాతం నీకు వ్యతిరేకం అని. తిట్టినవాళ్ళ ఉత్తరాలున్నాయి, ఆడపుట్టుకనే తిట్టినవి కూడా ఉన్నాయి. మీ ఓటు తప్పే గానీ మీ ధైర్యానికి దణ్ణం అన్నవాళ్ళూ ఉన్నారు. పత్రికల్లో ఆ మాట బాహాటంగా అన్నవాడు కాన్సస్‌లో చిన్న ఊరి పత్రిక ఎంపోరియా గెజెట్ సంపాదకుడు విలియం అలెన్ వైట్. ఆవిడ అభిప్రాయంతో ఏమాత్రం ఏకీభవించం అంటూనే, అది ఎంత సాహసమో రాశాడు. సభలో వందమందికి అలా చేయాలని ఉండి ఉంటుంది, ఒక్కడికీ ధైర్యం చాల్లేదు అన్నాడు. ఆ ఊరు యుద్ధానికి పిల్లల్ని పంపుతున్న ఊరే. పాఠకులు చందాలు మానేస్తారేమో అని ఆయన అనుకోలేదు.

మొంటానా జనానికి ఆవిడ ఇచ్చిన సంజాయిషీలో ఒక మాట, రేడియోలో మాట్లాడుతున్నాను కనక, నేను దాటిపోలేను. రేడియోలో వచ్చిన కథనాలు బహుశా నిజమే అయ్యుంటాయని నేనూ అనుకున్నాను, కానీ యుద్ధమా శాంతా అన్న ఓటు వేయడానికి రేడియో మాట కంటే గట్టి ఆధారం కావాలి అంది. మూడు రోజుల తర్వాత జర్మనీ, ఇటలీల మీద ఓటింగులో అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, "హాజరు" అని ఊరుకుంది. 1942లో మళ్ళీ పోటీ చేయలేదు.

తర్వాత ఆవిడ దారి మన దేశం వైపు తిరిగింది. గాంధీగారి పద్ధతి తెలుసుకోవాలని 1946నుంచి 1971 దాకా ఏడుసార్లు భారతదేశం వెళ్ళింది. 1968 జనవరిలో, ఎనభై ఏడేళ్ళ వయసులో, వియత్నాం యుద్ధం ఆపమని వేలమంది ఆడవాళ్ళతో వాషింగ్టన్‌లో నడిచింది. మళ్ళీ ఫొటోలు, మళ్ళీ పత్రికలు. 1972లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ముఖాముఖిలో తన కథ తన మాటల్లో చెప్పుకుంది. అది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, పిల్లలకి చదివి వినిపించండి. 1973 మేలో, తొంభై రెండేళ్ళకి, కాలిఫోర్నియాలో పోయింది. ఆ జార్జియా ఇల్లు అమ్మిన డబ్బుతో, వయసు మీరాక చదువుకునే పేద ఆడవాళ్ళకి ఉపకార వేతనాలిచ్చే నిధి ఒకటి మొదలైంది.

బోస్టన్‌నుంచి ఇంటికి వచ్చిన రాత్రి ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. పళ్ళపొడి కంపెనీ దగ్గర పడీపడీ నవ్వింది. టెలిఫోన్ బూత్ అంటే ఏమిటో వివరించడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడు టెలిగ్రాము ఇచ్చాడన్నప్పుడు మాత్రం, "వాళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారా?" అని అడిగింది. మాట్లాడుకున్నారు, తర్వాత కూడా డబ్బు సాయం చేశాడు అన్నాను. అప్పుడు లేచి గరాజ్‌లోకి వెళ్ళింది. ఆ అట్టబోర్డు అక్కడ సైకిళ్ళ వెనక ఉంది, మార్కులెప్పుడో వేసేశారు. "ఏడ్చిందా?" అని ప్రశ్నార్థకం పెట్టిన చోట, దాని కింద పసుపుపచ్చ కాగితం ముక్క అంటించి వచ్చింది. మర్నాడు కారు తీస్తూ చూశాను. "ఓటుకి ముందు ఏడ్చింది. మిస్టర్ కిచిన్ ఓటప్పుడు ఏడ్చాడు. మిస్టర్ లాగార్డియా కూడా" అని రాసుంది.